మైకు పిన్ని తెర

మౌనం మీద పెడుతున్న ఓ కళా ప్రదర్శనకు మా పిన్నిని పిలిచారని తెలిసిన రోజు మా ఇంట్లో అందరం పడీ పడీ నవ్వాం. మా పిన్నికీ మౌనానికీ ఆమడ దూరం. ఆవిడ వీధి మొదట్లో మాట్లాడితే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. చెల్లెలితో మాట్లాడటానికి ఫోనెందుకు, కిటికీ తీస్తే చాలదా అంటుంది మా అమ్మ. చుట్టుపక్కల అందరికీ ఆవిడ మైకు పిన్నే. ఎవరైనా మొహం మీదే ఆ పేరు పెట్టి పిలిస్తే, "కరెంటు పోయినా పనిచేసే మైకురా ఇది!" అంటుంది.

మౌనమే కావాలంటే మా బాబాయిని తీసుకెళ్ళి ఆ గది మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెడితే సరిపోయేది. నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళిద్దరి కాపురం ఇన్నాళ్ళు నిలిచిందంటే మాటలన్నీ ఒకరే వాడుకుంటున్నారు కాబట్టే అని నా అనుమానం.

పిన్నిది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టదు. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. కొట్లో మిషను, ఇస్త్రీబల్ల, ఓ మూల ట్రయల్ రూము. ఆ ట్రయల్ రూముకు తలుపు లేదు. ఉన్నదల్లా ఓ తెల్లటి తెర. ఈ గొడవంతా ఆ తెర గురించే.

తెర కథ చెప్పాలంటే ముందు చొక్కాల ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. పిన్ని వయసులో ఉన్నప్పుడు అక్కడ పనిచేసింది. మిషన్లు వరసగా ఉండేవి. ఒకామె కాలరు వేసి చొక్కాను పక్కామెకు తోస్తే, ఆమె కఫ్ వేసి ఆ పక్కామెకు తోసేది. పిన్నికి ముందు మిషను మీద కాలర్లు వేసే ఆవిడను అందరూ కాలరు వదిన అనేవాళ్ళు. ఆ వరసలో ఎవరూ మాట్లాడకూడదు. అది అక్కడి కట్టుబాటు. గోడ మీద రాసిపెట్టారు, పైగా పెదవి కదిలితే చాలు సూపర్‌వైజరు వచ్చి వెనక నిలబడేవాడు. మా పిన్నిని మాట్లాడొద్దనడమంటే చేపను ఈదొద్దనడమే!

కానీ ఆడవాళ్ళు ఊరుకుంటారా? దారపు కొసల్లో ముడులు వేయడం మొదలుపెట్టారు. చొక్కాకు వేలాడే కొసలో ఒక ముడి ఉంటే, సూపర్‌వైజరు వస్తున్నాడని. రెండుంటే, బయటికి వెళ్ళొస్తా, నా పని కాస్త చూడమని. మూడుంటే, ఒంట్లో బాగోలేదని. ముడి మీద ముడి వేసి చిన్న తోక వదిలితే అది సూపర్‌వైజరు మీద జోకు. ఏం జోకో చెప్పనక్కర్లేదు, ఆయన మొహం చూస్తే ఎవరికి వాళ్ళకే తడుతుంది. కళ్ళు సూది మీదే ఉండాలి కాబట్టి ఆ ముడులను చూసేవాళ్ళు కాదు, వేళ్ళతో తడిమి తెలుసుకునేవాళ్ళు. వరస చివర కొసలు కత్తిరించే బల్ల దగ్గర అన్నీ కత్తిరించేసేవాళ్ళు. ఆ కబుర్లు తొడుక్కుని వెళ్ళిన చొక్కా ఒక్కటీ లేదు.

ఓ రోజు కాలరు వదిన దగ్గర్నుంచి మూడు ముడులొచ్చాయి. ఆ వెనకే ఇంకో మూడు. తర్వాత చొక్కా రాలేదు. పిన్ని తల తిప్పి చూస్తే వదిన మిషను మీదికి ఒరిగిపోయి ఉంది, చెయ్యి సూదికి బెత్తెడు దూరంలో ఉంది. అప్పుడు పిన్ని లేచి నిలబడి అరిచింది. "ఆపండి మిషన్లు!" అని. షెడ్డంతా ఆగిపోయిందట. వదినను ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతికింది. పిన్నిని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. ఒక మనిషి ప్రాణం పోబోతుంటే అరిచినందుకు! నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

"ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని పెద్దలు ఊరికే అన్నారా?" అందట మా అమ్మ.

"గుండు నువ్వు చేయించుకో అక్కా. నాకు జుట్టే ఇష్టం," అందట పిన్ని.

కాలరు వదిన కోలుకుని మళ్ళీ ఆ మిషను దగ్గరికే వెళ్ళింది. ఇల్లు గడవాలి మరి. కుట్టు తప్పి పారేసిన కాలర్లు అప్పుడప్పుడు తెచ్చి పిన్నికిచ్చేది. పిన్ని వాటిని ఒకదాని పక్కన ఒకటి చేర్చి కుట్టి, ఆ చివరిరోజు పొద్దుటినుంచి వరసలో వాళ్ళు ఏమేం చెప్పుకున్నారో అదంతా రంగురంగుల దారాలతో ముడులు వేసింది. కుట్టుపనిలో ముడి వెనక్కి పోవాలి, ముందు కనబడకూడదు. ఎవరిని అడిగినా అదే చెప్తారు. పిన్ని ముడులన్నీ ముందుకే వేసింది. "దాచి దాచి విసుగొచ్చింది," అంది. ఆ తెరను ట్రయల్ రూముకు కట్టి, ముడుల వైపు తన మిషను వైపుకు తిప్పుకుంది. పని చేసుకుంటూ తలెత్తితే కనబడాలని.

అంటే ట్రయల్ రూములో నిలబడ్డవాళ్ళకు వెనక వైపే కనబడుతుంది. తెల్లటి కాలర్లు, సన్నటి కుట్లు, అంతే.

ఓ మధ్యాహ్నం కోటు పొట్టి చేయించుకోవడానికొచ్చి ఆ గదిలో నిలబడ్డావిడ ఎవరనుకున్నారు? క్యురేటర్. ఒకే సంగతి మీద బొమ్మలు చేసే కళాకారుల్ని వెతికి పట్టుకుని, అందరివీ ఒక గదిలోకి చేర్చి, ఏది ఏ గోడ మీద ఉండాలో తేల్చే ఉద్యోగమట. కోటు సగం తొడుక్కుని బయటికొచ్చి, "ఈ తెర ఎవరు చేశారండీ? ఎందుకు చేశారు?" అని అడిగింది.

"నేనేనమ్మా. ఫ్యాక్టరీలో మమ్మల్ని మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు, అందుకు," అంది పిన్ని. ఇంకా చెప్పేదే, ఇంతలో ఎవరో జిప్పు పట్టుకుని వచ్చారు. మా పిన్ని జీవితంలో మాట మధ్యలో ఆపింది ఆ ఒక్కసారే. దాని ఫలితం చూడండి!

ఆవిడ అడిగితే తెర ప్రదర్శనకు వెళ్ళింది. ఆహ్వానపత్రం వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో 'మౌనం' అని ఉంది. మేం నవ్వుకున్నాం. పిన్ని మాత్రం, "పోనీలే, మా నోరు మూయించిన వాళ్ళ గురించి కాబోలు," అని సరిపెట్టుకుంది. వెంటనే కాలరు వదినకు కబురు పెట్టింది. వదిన అప్పటికి ఫ్యాక్టరీ మానేసింది. కళ్ళు మందగించి ఇల్లు కదలడం తగ్గించింది. తెర తయారయ్యాక ఆవిడ దాన్ని ఒక్కసారీ తాకలేదు. "నువ్వు రావాలి వదినా. మనం ఆ రోజు మాట్లాడుకున్నదంతా గోడకెక్కింది. నీ వేళ్ళతో నువ్వే చూద్దువుగాని. నాదీ పూచీ," అని మాటిచ్చింది పిన్ని.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే పిన్నీ బాబాయీ నేనూ వెళ్ళాం. పొడుగాటి హాలు, తెల్లటి గోడలు. ఎదురుగోడ మీద మా తెర. పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది.

తిరగేసి కట్టారు. ముడులన్నీ గోడవైపు. మాకు కనబడుతున్నది ఒట్టి తెల్లదనం.

పక్కన అట్టముక్క మీద ఏదో రాసి ఉంది. పిన్ని నాచేత పైకి చదివించింది. "తరతరాల స్త్రీ సహనానికి తెల్లటి సాక్ష్యం." నాకే సిగ్గేసింది, నేనేదో రాసినట్టు.

క్యురేటర్ నవ్వుతూ ఎదురొచ్చింది. పిన్ని నమస్కారం కూడా పెట్టలేదు. "తిరగేసి కట్టారమ్మా," అంది.

"అది వెనక వైపు కదండీ? ముడులున్నాయి."

"అదే ముందు. ఆ ముడులే మా మాటలు."

ఆవిడ చదువుకున్నావిడ, మంచిది కూడా. ఒక్క క్షణం మొహం పాలిపోయింది. కానీ ఆహ్వానాలు పోయాయి, ప్రదర్శన పుస్తకం అచ్చయింది, దాని అట్ట మీద ఈ తెల్లటి వైపే ఉంది. "చూడండి, ఈ గదిలో బొమ్మలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ రంగులొస్తే గదంతా చెదిరిపోతుంది. మీ ఓర్పే ఇందులో అందం."

"మాట్లాడుకోవాలంటావు, పేరేమో మౌనమంటావు! ఓర్పేంటి ఓర్పు? ఓర్చుకున్నానని నీకెవరు చెప్పారు? ఓర్చుకుంటే నా ఉద్యోగం ఎందుకు పోతుంది?"

ఆ గొంతుకు హాలు మారుమోగింది. అటు మూల కుండలు సర్దుకుంటున్న పెద్దాయన, ఇటు మూల ఫొటోలు తగిలిస్తున్న అమ్మాయి ఇద్దరూ తిరిగి చూశారు.

క్యురేటర్ కూడా పట్టు వదల్లేదు. "అయితే ఒకటే దారండీ. ఇలా ఉంటే ఉంచుతాం. లేదంటే తీసి తీసుకెళ్ళండి."

నేను తీసేద్దామనే అన్నాను. ఈ ముష్టి గోడ మనకెందుకు, కొట్లో మన తెర మనకుంటుంది అన్నాను. పిన్ని నా వైపు కొరకొరా చూసింది. "తీసేస్తే సాయంత్రం వదినకు ఏం చూపించను? ఉంచితే ఏం చూపించను? తియ్యను. తిప్పుతాను," అని పక్కనున్న మడత నిచ్చెన లాగింది. బాబాయి వెళ్ళి ఆ నిచ్చెన కాళ్ళు పట్టుకున్నాడు.

గార్డును పిలవబోయిన క్యురేటర్‌ను కుండల పెద్దాయన ఆపాడు. "అమ్మా, నా కుండలు ఎత్తి చూశారా ఎప్పుడైనా?" అని అడిగాడు. అన్నీ మూతి మూసేసిన కుండలు. చూడటానికి నోరు కుట్టేసినట్టుంటాయి. ఆయన ఒకటి తీసి ఆడించాడు. లోపల గులకరాయి గలగలలాడింది. అన్నింట్లోనూ ఉన్నాయట. "ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. ఇంక ఎవరికి వినబడుతుంది?"

ఫొటోలమ్మాయి ఇంకాస్త కోపంగానే ఉంది. ఆమె బొమ్మల్లో ఉన్నవాళ్ళంతా నోరంతా తెరిచి కేకలేస్తున్నవాళ్ళే. "వీటికి మీరు 'నిశ్శబ్ద ఆక్రందన' అని రాశారు. వాళ్ళు ఏడవట్లేదు మేడం, తిడుతున్నారు. ఆంటీ తెర దింపితే నావీ దింపుతాను."

"నావీను," అన్నాడు పెద్దాయన.

నిచ్చెన మీంచే పిన్ని ఆవిడతో అంది. ఈసారి గొంతు కాస్త తగ్గించింది, అంటే మామూలు మనుషులు మాట్లాడేంత. "మమ్మల్నందర్నీ వెతికి ఒక గదిలో చేర్చావు చూడు, ఆ కన్ను నీకుంది తల్లీ, కాదనను. నోరు మూసుకోమంటే మూసుకోని వాళ్ళనే ఏరుకొచ్చావు. పేరు ఒక్కటే తప్పు పెట్టావు."

ఆవిడ గార్డును పిలవలేదు. విసురుగా లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. పిన్ని రింగులు ఒక్కొక్కటే తప్పించి తెర తిప్పింది. ఎరుపు, నీలం, నలుపు ముడులన్నీ హాల్లోకొచ్చాయి. నాకు ఈల వేయాలనిపించింది, వేశాను కూడా.

సాయంత్రం జనం బాగానే వచ్చారు. కాలరు వదిన కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది, వెంట పాత వరసలోని ఆడవాళ్ళు ఇంకొందరు. వాళ్ళు అందరిలా దూరంగా నిలబడి తల పక్కకు వంచి చూడలేదు. తిన్నగా వెళ్ళి తెర మీద చేతులు వేశారు. "అమ్మా, ముట్టుకోకూడదు!" అని గార్డు పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకుండా ఎట్లా వినాలి నాయనా?" అంది ఒకావిడ, వేళ్ళు తీయకుండానే. "వదినా, ఇదిగో, వస్తున్నాడు వస్తున్నాడు!" "ఇక్కడ తోక చూడు, జోకు!" ముసలివాళ్ళు పగలబడి నవ్వుతుంటే గార్డు దిక్కుతోచక క్యురేటర్ వైపు చూశాడు. ఆవిడ ఎప్పుడొచ్చిందో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళతోనే వద్దంది. తర్వాత పెద్దాయన కుండ ఒకటి తీసుకుని చెవి దగ్గర ఆడించుకుంది.

కాలరు వదిన నవ్వలేదు. వేళ్ళు జరుపుకుంటూ పై వరస నుంచి కింది వరసకు దిగుతోంది. దాదాపు చివర్లో ఆగింది. మూడు ముడులు. పక్కన మళ్ళీ మూడు.

"ఇవి నావి," అంది.

"నీవే వదినా."

ఇంకాస్త పక్కకు జరిపింది. అక్కడ అన్ని రంగుల దారాలూ కలిపి వేసిన ముడి ఒకటుంది, పిడికిలంత. ఆ తర్వాత తెరలో ఏమీ లేదు. వదిన దాన్ని చుట్టూ తడిమి చూసింది. "ఇదేమిటే? మన వరసలో ఇలాంటిది లేదే."

"లేదు వదినా. మిషన్లు ఆపమని చెప్పే ముడి మనకు లేకపోయింది. అందుకే అరిచాను. అది నా అరుపు."

వదిన చాలాసేపు ఆ ముడిని వదలలేదు. తర్వాత పిన్ని వైపు తిరిగింది. "అందరూ చెప్పారే. షెడ్డంతా విందట, బయట వీధిలోకి కూడా వినబడిందట. నేనొక్కదాన్నే వినలేదు. పడిపోయానుగా. నాకోసం అరిచినదాన్ని నేనే వినలేదే ఇన్నాళ్ళూ." ఆవిడ కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు, చేతులు రెండూ ముడి మీదే ఉన్నాయి. "ఒక్కసారి వినిపించవే."

పిన్ని చుట్టూ చూసింది. గోడ మీద పెద్ద అక్షరాల్లో మౌనం. గుమ్మం పక్కన, దయచేసి నిశ్శబ్దం పాటించండి. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు, గార్డు, క్యురేటర్, తెర పక్కనే నిలబడ్డ మా బాబాయి. ఆయన తలూపాడు.

పిన్ని గుండె నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"ఆపండి మిషన్లు!"

పెద్దాయన కుండల్లో గులకరాళ్ళు కదిలాయని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఎవరి చేతిలోంచో గ్లాసు జారింది. నేనూ ఏడుస్తున్నానని తర్వాత గానీ తెలియలేదు.

కాలరు వదిన పిడికిలంత ఆ ముడిని వదిలి, పిన్ని చెయ్యి పట్టుకుంది.

"విన్నానే," అంది.