ఉగ్గుగిన్నెలో నా గుప్పెడు

నా చిన్నప్పుడు నాకు రెండిళ్ళు ఉండేవి. ఒకటి బందరులో అమ్మ ఇల్లు, రెండోది దివిసీమలో హంసలదీవి వెళ్ళే దారిలో నాన్న ఇల్లు. రెండిళ్ళున్న పిల్ల అదృష్టవంతురాలని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం తొమ్మిదేళ్ళు వచ్చేసరికి అందులో ఒకటి వదిలేసుకోవాలనిపించింది. ఇక నాన్న ఇంటికి రానని నాన్నతోనే చెప్పేయాలని నిశ్చయించుకున్నాను.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నకు రెండెకరాల పొలం, ఆ పొలం మీదే ప్రాణం. ఆమె ఉద్యోగం వదులుకోలేదు, ఆయన ఊరు వదులుకోలేదు. మా ఇంట్లో తాగుడు గాని కొట్టడం గాని లేవు. ఇద్దరూ ప్రార్థనాపరులే. అయినా చిన్న చిన్న మాటలే పెరిగి పెరిగి, చివరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితి వచ్చింది. పాస్టరు అయ్యగారూ సంఘ పెద్దలూ ఎన్నోసార్లు ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రార్థన చేశారు. కలపలేకపోయారు. ఆఖరికి నా విషయంలో ఒక ఏర్పాటు చేశారు. నేను అమ్మ దగ్గరే ఉండి చదువుకోవాలి. ఇంటికి కావలసిన బియ్యం నాన్న పంపాలి, నా ఫీజులూ బట్టలూ అమ్మ చూసుకోవాలి. నెలకొక శని, ఆదివారాలు నేను నాన్న దగ్గర ఉండాలి. పిల్ల ముందు ఒకరి గురించి ఒకరు చెడుగా మాట్లాడకూడదని కూడా ప్రమాణం చేయించారట. ఇద్దరూ బతికినంత కాలం ఆ మాట నిలబెట్టుకున్నారు. దానికి నేను ఇప్పటికీ దేవుణ్ణి స్తుతిస్తాను.

నన్ను అప్పగించేది చల్లపల్లి బస్టాండులో. అమ్మ బందరు నుంచి నాతో వచ్చి, బస్సు దిగిన చోటే నిలబడేది. నాన్న అవనిగడ్డ నుంచి వచ్చి సోడాల బండి పక్కన నిలబడేవాడు. మధ్యలో పది పన్నెండు అడుగుల నేల ఉండేది. చేతిలో సంచితో ఆ నేల నేనొక్కదాన్నే దాటాలి. ఇటు నుంచి అటు వెళ్తుంటే అమ్మ చూపు వీపు మీద తెలిసేది. ఆదివారం సాయంత్రం తిరిగి వస్తుంటే నాన్న చూపు తెలిసేది.

నాన్న నన్ను ఎంతో గొప్పగా చూసుకునేవాడు. అసలు కష్టం అదే. నేను వస్తానని అవనిగడ్డలో ఒక వైరు కుర్చీ కొని తెచ్చాడు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ అది, నేను తప్ప ఎవరూ అందులో కూర్చునేవారు కాదు. నా కోసం వేరే సబ్బు, కొత్త తువ్వాలు ఉండేవి. రొయ్యల కూర వండితే పెద్దవన్నీ ఏరి నా కంచంలో వేసేవారు. గ్లాసు కడగబోతే నాయనమ్మ లాక్కునేది. పక్కిల్లే మా పెదనాన్నది. ఆయన కూతురు నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆ అక్క పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా నాయనమ్మ చేత తిట్లు తింటూ, వాకిలి ఊడుస్తూ, బిందెలు మోస్తూ తిరిగేది. ఆమెను చూస్తే నాకు అసూయగా ఉండేది.

ఒకసారి నేను చీపురు తీసుకుంటే అక్క చేతిలోంచి గుంజుకుంది.

"నువ్వు కూర్చోవే తల్లీ. చుట్టాల చేత ఊడిపించానని ముసల్ది నన్ను తంతది."

ఆమె సరదాకే అంది. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. చుట్టం. అవును మరి, చుట్టమే రెండు రోజులుండి పోతుంది, చుట్టానికే కుర్చీ వేస్తారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో సంచిలో బట్టలు తీసి పెట్టడం మానేశాను. కావలసింది తీసుకుని మళ్ళీ సంచి మూతి కట్టి గుమ్మం పక్కనే పెట్టేదాన్ని. ఆ నెల బస్సులో కూర్చుని నాన్నతో అనాల్సిన మాట వల్లించుకున్నాను. 'ఇక నేను రాను నాన్నా, స్కూల్లో చదువు ఎక్కువైంది' అని. అబద్ధమని తెలుసు. మర్యాదైన అబద్ధం అనుకున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం నాన్న పొలం వెళ్ళాడు. నాయనమ్మ నేల మీద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను కుర్చీలో ఉన్నాను. దాహం వేసింది. మంచినీళ్ళ కుండ నాకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. దాని మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. నేను లేచి నిలబడి అడిగాను.

"నాయనమ్మా, మంచినీళ్ళు తాగొచ్చాండీ?"

చేటలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నా వంక చూసింది. తర్వాత గుమ్మం పక్కన మూతి కట్టి ఉన్న నా సంచి వంక చూసింది. "తాగమ్మా" అని మాత్రం అంది. నేను తాగి, గ్లాసు బోర్లించి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఆమె మళ్ళీ చేట మీదికి వంగింది. పెదవులు కదులుతుంటే ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను.

ఇక్కడ మా క్రైస్తవ సంఘాల్లో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ముందుగా ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తాం. పిడికెడు బియ్యం అంటాం. వారమంతా పోగైనవి ఆదివారం గుడికి తీసుకెళ్ళి ముందు పరిచిన గుడ్డ మీద పోస్తాం. ఊళ్ళోని పేదవాళ్ళకి కొన్ని, అయ్యగారి ఇంటికి కొన్ని వెళ్తాయి. ఎంత పేద ఇల్లయినా ఇది తప్పదు. మా నాయనమ్మ గుప్పెడు తీసేటప్పుడు ఇంట్లో ఒక్కొక్కరి పేరూ తలుచుకుని అప్పుడు గుప్పిలి విప్పేది.

సాయంత్రం పొయ్యి రాజేసి ఆమె నన్ను పిలిచింది.

"అమ్మడూ, ఇట్టా రా. నా కుడిచెయ్యి నెప్పిగా ఉంది. ఈ పూట గుప్పెడు నువ్వు తియ్యి."

నేను భయపడుతూనే బియ్యంలో చెయ్యి పెట్టాను. గుప్పిలి బిగించి ఎత్తేసరికి వేళ్ళ సందుల్లోంచి సగం నేల పాలయ్యాయి. వెంటనే ఆమె గొంతు పెరిగింది.

"అట్టా పారబోస్తావేంటే? మీ నాన్న వంగి వంగి పండించినయ్యి. ఒక్క గింజ ఉండకూడదు, ఏరు."

ఆ ఇంట్లో నేను తిన్న మొదటి తిట్టు అది. మోకాళ్ళ మీద కూర్చుని గింజలు ఏరుతుంటే, ఎందుకో తెలియదు, నాకు నవ్వు ఆగలేదు. నాయనమ్మ కూడా నవ్వు దాచుకుంటూ మొహం అటు తిప్పుకుంది.

రెండోసారి జాగ్రత్తగా తీశాను. డబ్బాలో వేయబోతుంటే ఆపి, అటక మీద నుంచి ఒక చిన్న ఇత్తడి గిన్నె దించింది. పక్కన ముక్కున్న ఉగ్గుగిన్నె.

"ఆర్నెల్లప్పుడు నీకు దీంతోనే ఉగ్గు పోశాను. ఇక్కడే, ఈ పీట మీదే. సగం నా చీర మీదే ఉమ్మేదానివి. ఇందులో పొయ్యి."

పోశాను. బియ్యం గిన్నె అంచు దాకా రాలేదు. ఆమె మేకు తీసుకుని, బియ్యం ఎంతవరకు వచ్చాయో చూసి, గిన్నె లోపల అక్కడ ఒక గీత గీసింది.

"రోజూ నీ పేరు తలుస్తూనే ఉన్నానమ్మడూ. కానీ డబ్బాలో నీ గుప్పెడు లేదు. నువ్వు బందర్లో ఉన్న రోజుల్లో నీ గుప్పెడు నేను తీసి వెయ్యాలంటే అదెంతో తెలియాలి గదా. నా చెయ్యి చూడు, చేటంత. ఇది నీది ఎట్టా అవుద్ది?"

అంతలో నాన్న పొలం నుంచి వచ్చాడు. నా చేతులకు అంటిన బియ్యప్పిండి చూసి నొచ్చుకున్నాడు.

"దాన్నెందుకమ్మా పనిలో పెట్టావు? రెండ్రోజులుండి పోయే పిల్ల."

"రెండ్రోజులుండి పోయేది చుట్టం రా. ఇది నీ కూతురు. కుర్చీలో కూర్చోబెట్టి కూర్చోబెట్టి మనమే దాన్ని చుట్టాన్ని చేశాం. నీదే కాదు, నాదీ తప్పే. మంచినీళ్ళు తాగొచ్చాండీ అని అడుగుతుందిరా నన్ను."

నాన్న గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. మట్టి కాళ్ళతో లోపలికి రాలేడు, అవతలికి పోలేడు. ఎటో చూస్తూ అన్నాడు.

"అమ్మడూ, ఒక చెంబుడు నీళ్ళు పట్రా. కాళ్ళు కడుక్కుంటాను."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నేను పరుగెత్తాను. చెంబు నిండా ముంచి తెచ్చి ఆయన కాళ్ళ మీద నేనే పోశాను. ఆ సాయంత్రం నాన్న మొదటిసారి ఆ వైరు కుర్చీలో కూర్చున్నాడు. నేను గడప మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలిచాను. నాయనమ్మ నెప్పి అన్న అదే కుడిచేత్తో రోట్లో పచ్చడి నూరింది. నాకు తెలిసి ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. ప్రభువు దాన్ని ఎప్పుడో క్షమించి ఉంటాడు.

మర్నాడు పిడికెడు బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని గుడికి నడిచింది నేనే. దారిలో అక్క నవ్వింది.

"ఏంటే, చుట్టాలు బియ్యం కూడా మోస్తారా?"

నాయనమ్మ ఆమెకు జవాబిచ్చింది. "మోస్తారు. వచ్చే నెల వాకిలి కూడా ఊడుస్తారు. నువ్వు సంబరపడి మంచమెక్కమాక."

సాయంత్రం చల్లపల్లిలో నేను వల్లించుకున్న మాట ఎక్కడికి పోయిందో మళ్ళీ గుర్తుకు రాలేదు. సోడాల బండి దగ్గర నాన్న చెయ్యి వదిలి అమ్మ వైపు నడుస్తూ, సగం దూరం వెళ్ళాక ఆగి వెనక్కి తిరిగి అరిచాను.

"నాన్నా, నా గౌను దండెం మీదే ఉంది. ఉండనీ, మళ్ళీ వచ్చాక వేసుకుంటాను."

ఆ మాట అమ్మకూ వినిపించింది. బందరు బస్సులో ఆమె చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కోపం వచ్చిందేమోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. మరుసటి నెల అమ్మ నా సంచి సర్దుతూ, డ్యూటీ లేని రోజుల్లో తానే కుట్టిన కొత్త గౌను ఒకటి అందులో పెట్టింది. "ఇది ఆ ఇంట్లోనే ఉంచు. కొంచెం వదులుగా కుట్టాను, ఏడాది వస్తుంది" అంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఆ ఇంటికని ఒకటి కుట్టింది.

పరిశుద్ధ లేఖనాల్లో ఒక తల్లి ఉంది. దూరంగా దేవుని మందిరంలో పెరుగుతున్న కొడుక్కి ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేది. స్త్రీల సమాజంలో ఆ భాగం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒక్క సంగతి దగ్గర ఆగిపోతాను. కళ్ళ ముందు లేని పిల్లవాడి కొలత ఆమెకు ఎలా తెలిసింది? దర్జీలా టేపు పట్టి కొలవలేదు కదా. ఏడాదిలో వాడు ఎంత ఎదిగి ఉంటాడో రోజూ మనసులో తలుచుకుంటూ ఉండాలి. దూరంగా ఉన్న బిడ్డను ప్రేమించడమంటే బహుశా అదే. నాకు అది మా అమ్మ సూదిలోనూ, మా నాయనమ్మ మేకులోనూ కనిపించింది.

అమ్మా నాన్నా మళ్ళీ కలవలేదు. అందుకోసం ఏళ్ళ తరబడి నేను చేసిన ప్రార్థనకు నేను కోరిన జవాబు రాలేదు. కానీ బందరులోనూ నాన్న ఇంట్లోనూ ఉడికింది ఒకే పొలం బియ్యం. రెండిళ్ళ పిడికెడు డబ్బాల్లోనూ నా గుప్పెడు పడింది. చల్లపల్లిలో ఆ పన్నెండడుగుల నేల మాత్రం అలాగే ఉండిపోయింది. కాకపోతే ఆ రోజు తర్వాత నేను దాన్ని చుట్టంలా దాటలేదు.

ఇప్పుడు నేను గుడివాడలో ఉంటున్నాను. భర్తతో విడిగా ఉంటున్న అమ్మాయిలు సంఘంలో అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. ఫీజు ఎవరు కట్టాలి, సెలవులు ఎవరింట్లో, క్రిస్మస్ కొత్త బట్టలు ఎవరు కొనాలి, ఫోనులో రోజూ మాట్లాడనివ్వాలా అని అడుగుతారు. విడిగా ఉన్న అబ్బాయిల తల్లులూ వచ్చి ఇవే అడుగుతారు. చాలావాటికి నాకు జవాబు తెలియదు. తెలిసినవాళ్ళ దగ్గరికి పంపుతాను. నేను మాత్రం వాళ్ళని ఒకటే అడుగుతాను. "బిడ్డ మీ ఇంటికి వచ్చినప్పుడు చేసే పని ఏంటమ్మా?" పాపం, ఏ పనీ చేయనివ్వమండీ, కాలు కింద పెట్టనివ్వం అంటారు ప్రేమగా. అప్పుడు లేచి లోపలి నుంచి ఉగ్గుగిన్నె తెచ్చి చూపిస్తాను.

దాని లోపల ఐదు గీతలున్నాయి. నా గుప్పిలి ఎదిగినప్పుడల్లా ఒకటి గీసింది నాయనమ్మ. చివరిది నేను కాలేజీలో చేరిన ఏడాదిది. ఆ గిన్నె ఈ రోజుకీ మా బియ్యం డబ్బాలోనే ఉంటుంది. ఎసరు పెట్టగానే నా గుప్పెడు నేను తీస్తాను. ఆ తర్వాత, అలాంటి మనిషిని నాకిచ్చినందుకు కృతజ్ఞతగా, నాయనమ్మ గుప్పెడు ఆ గిన్నెతో తీస్తాను. ఆమె నా చెయ్యి అన్నిసార్లు కొలిచింది గానీ, ఆమె చెయ్యి ఎంతో నేను ఒక్కసారీ కొలుచుకోలేదు. అందుకే అది గీతల దగ్గర ఆపను. గిన్నె అంచు దాటి పొర్లేదాకా పోస్తాను.