పట్టుపురుగుల గదికీ మాకూ మధ్య ఒకే గోడ

మా చిన్నప్పుడు, అంటే కోలారు పక్కనున్న మా తమకలో ఇళ్ళ మధ్య ఇంకా రాగిచేలు కనిపించే రోజుల్లో... ఒక పొద్దున పక్కింటి మునియప్ప మామ మా పెరట్లో తవ్విన పునాది గుంతలోకి దిగి నిలబడ్డాడు.

"నన్ను పూడ్చి, నా మీద కట్టుకో గోపాలప్పా!" అన్నాడు మా నాన్నతో.

మేస్త్రీ పార పక్కన పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. నాకు జడ వేస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. సగం జడతోనే నేను పెరటి గుమ్మంలోకి పరిగెత్తాను...

మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. రాళ్ళతో, మట్టితో కట్టిన పాత గోడ. అవతలివైపు ఆ గోడను ఆనుకునే వాళ్ళ పట్టుపురుగుల గది ఉండేది. మధ్యాహ్నం పూట గోడకు చెవి ఆనిస్తే, తట్టల్లో పురుగులు మల్బరీ ఆకు నమిలే చప్పుడు సన్నటి జల్లులా వినిపించేది. ఆ ఇల్లంతా ఆ పురుగుల మీదే బతికేది.

ఇవతలివైపు మా తాత. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మరుగుదొడ్డీ, స్నానం చేసే చోటూ పెరటి చివర ఉండేవి. నాన్న, అమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్కడిదాకా మోసుకెళ్ళేవారు. వాన పడితే నేను పక్కనే గొడుగు పట్టుకుని నడిచేదాన్ని. దారి పొడుగునా తాత కళ్ళు గట్టిగా మూసుకునేవాడు... తను చూడకపోతే తనను కూడా ఎవరూ చూడరన్నట్టు.

అందుకే నాన్న ఇంటికి దగ్గరగా, ఆ ఉమ్మడి గోడ మీదే కప్పు వేసి బచ్చలిల్లు కట్టాలనుకున్నారు. మరుగుదొడ్డితో కలిసిన స్నానాలగదిని మేం అలాగే అనేవాళ్ళం.

"మట్టిగోడ అప్పా ఇది! తేమ దిగుతాది. సోపు వాసన, ఫినాయిల్ వాసన తగిలితే పురుగులు ఆకే ముట్టవు. ఇంగ మేమేం తిని బతకల్ల?" అన్నాడు మునియప్ప మామ.

"మా నాయన యాడికి పోవల్ల మరి? నువ్వే చెప్పు!" అన్నారు నాన్న.

ఇద్దరూ చెప్పింది నిజమే... కష్టమంతా అక్కడే.

పని ఆగిపోయింది. నాన్న కోలారులో వకీలును కలుస్తానన్నారు. నేనూ కలుస్తానన్నాడు మామ. వాళ్ళింట్లో పాలు పోయించుకోవడం అమ్మ మానేసింది. మామ భార్య రత్నమ్మత్త, కొళాయి దగ్గరికి అమ్మ వస్తే సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది. పునాది గుంతలో వాననీళ్ళు నిలిచి కప్పలు చేరాయి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, జల్లులో తాతను తీసుకెళ్తుంటే కుర్చీ కాలు బురదలో దిగబడింది. ఎంత లాగినా రాలేదు. అమ్మ ఏడుపు ఆపుకుంటోంది. తల ఎత్తితే గోడ మీదుగా రత్నమ్మత్త చూస్తోంది... లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, ఒగసారి మా ఇంటికి రా" అంది అమ్మతో. వెంట నేనూ వెళ్ళాను.

పురుగుల గదిలోకి వాళ్ళు బయటివాళ్ళను రానిచ్చేవారు కాదు. ఆ రోజు అత్తే మా కాళ్ళ మీద నీళ్ళు పోసి తలుపు తీసింది. లోపల చల్లగా, మసక చీకటి. తట్టల నిండా పురుగులు తలలెత్తి, కదలకుండా ఉన్నాయి.

"జ్వరంలో ఉండాయి" అంది గుసగుసగా. పొర విడిచే ముందు అవి మేత మానేసి అలా పడి ఉంటాయి. వాళ్ళు దాన్ని జ్వరం అంటారు.

అమ్మ అప్పుడే సబ్బుతో స్నానం చేసి వచ్చింది. అది గుర్తొచ్చి కాబోలు, గడప దగ్గరే ఆగిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది. అత్త అది చూసింది.

"పొద్దున మీరు పెద్దాయన్ని మోస్తా ఉంటే చూసినానక్కా... అప్పట్నుంచీ ముద్ద దిగలేదు" అంది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రం అమ్మ నాన్నకు అంతా చెప్పింది. "ఇంగోచోట కట్టడానికి చోటు యాడుండాది? ముందర ఉండేది అరుగొక్కటే" అన్నారు నాన్న. అని, చటుక్కున ఆగిపోయారు. ఆ అరుగు తాతది. పగలంతా దాని మీదే కూర్చుని, వచ్చేపోయే వాళ్ళను పలకరిస్తూ ఉండేవాడు. పైగా ఇంటి ముందర బచ్చలిల్లు కడితే వీధంతా నవ్వదా...

మంచం మీది నుంచి తాత గొంతు వినిపించింది. మాట ముద్దగా వచ్చేది.

"అరుగు... తీసెయ్."

"నువ్వు యాడ కూచుంటావు నాయనా?"

తాత ఎడమచెయ్యి ఎత్తి పక్కింటివైపు చూపించాడు. "మునియప్ప... అరుగు మీద."

పొద్దున్నే నాన్న వాళ్ళింటికి వెళ్ళి మొహమాటపడుతూ చెప్పారు. "మా అరుగు తీసేసి బచ్చలిల్లు ఆడే కట్టుకుంటాము. మా నాయన మీ అరుగు మీద కూచుంటానంటా ఉండాడు..."

"కూచోమను అప్పా. పెద్దాయన కూచుంటే మా ఇంటికే కళ" అన్నాడు మామ. తరవాత పార తీసుకుని మా పెరట్లోకి వచ్చి, తను దిగి నిలబడ్డ గుంతను తానే పూడ్చాడు.

ఇంటి ముందర బచ్చలిల్లు చూసి కొందరు నవ్వారు కూడా. నాన్న పట్టించుకోలేదు. తాత ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం ఎండ తగ్గగానే మామ వచ్చి, నాన్న ఇంట్లో లేకపోతే అమ్మ సాయంతో, కుర్చీని వాళ్ళ అరుగు మీదికి చేర్చేవాడు. అప్పుడు మాత్రం తాత కళ్ళు మూసుకునేవాడు కాదు...

మొన్న అటువైపు వెళ్ళాను. మా వీధి గుర్తే పట్టలేకపోయాను. అన్నీ మేడలు... ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటికి రెండు గోడలు, వాటి నడుమ చెయ్యి మాత్రం దూరే సందు. తగువులైతే లేవు. పక్కింటాయన పేరు అడిగితే మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఎవరి గోడ వాళ్ళదే... ఎవరి గోడు వాళ్ళదే.

మీ చిన్నప్పుడు మీ గోడకు అవతల ఎవరుండేవారు? వాళ్ళతో తగువు పడి, మళ్ళీ ఎలా కలిసిపోయారు? వినాలని ఉంది...