ముందేది గారు లేని ఆఫీసు

ఆయన ఏ పని మొదలుపెట్టాలన్నా "ముందేది?" అని అడిగేవారు. మనిషి ఉంటే మనిషిని, లేకపోతే గోడను. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆఫీసంతా ఆయన్ని ముందేది గారనే పిలిచేది.

టీ మిషన్ దగ్గర ఆయన వెనక నిలబడ్డవాళ్ళకు ఇక టీ మీద ఆశ లేనట్టే. "ముందు పాలా, డికాషనా?" అని ఆలోచనలో పడేవారు.

"ఏదైనా కప్పులోనే కదా సార్ కలిసేది!" అని ఎవరో మొత్తుకుంటే, "అయితే ముందు కప్పన్నమాట" అనేవారు తాపీగా.

పక్క కుర్చీలో కూర్చునే ప్రోగ్రామరు అమ్మాయి మొదట్లో ఆయనంటే తెగ విసుక్కునేది. ఆసుపత్రుల్లో రోగులకు టోకెన్లిచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. అందులో బోలెడన్ని ప్రాజెక్టులు ఒక్కచోటే కాపురం ఉండేవి. కంప్యూటర్లో రన్ అని నొక్కితే వాటిలో ఏది లేచి తెర మీదికి రావాలో ముందే చెప్పి ఉంచాలి. ఆ సంగతి తెలియక చేరిన కొత్తలో ఆమె ఒక బటన్ రంగు మారుస్తూ కూర్చుంది. ఎరుపు చేసింది, పచ్చ చేసింది, విసుగొచ్చి బటన్నే తీసేసింది. తెర మీద మాత్రం అది నీలంగా నవ్వుతూనే ఉంది. సాయంత్రానికి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ.

ముందేది గారు మెడ చాచి చూశారు. "అమ్మాయ్, నువ్వు మార్చేది ఒకటి, నడిపేది ఇంకోటి. ముందేది లేస్తోందో చూసుకోవద్దూ?"

మర్నాటినుంచి ఆయన అన్ని పనులూ పక్కనపెట్టి, ఎవరు ఏ ప్రాజెక్టు చేస్తున్నారో కనిపెట్టి, తెరవగానే దాన్నే ముందు నిలబెట్టే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టారు. మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. "మౌసుతో ఒక్క నొక్కు నొక్కితే పోయేదానికి ప్రోగ్రామా సార్?"

"ఆ ఒక్క నొక్కు తెలియకే కదా ఈ పిల్ల నిన్నంతా అవస్థ పడింది?"

ప్రోగ్రాము పనిచేసింది, కాకపోతే కొంచెం అతిగా. మొదటిరోజు ఎవరు రన్ నొక్కినా, వాళ్ళ ప్రాజెక్టు బదులు ఆయన పరీక్షకోసం రాసుకున్న బుల్లి ప్రోగ్రామే తెర మీద లేచి "నమస్కారం, ముందేది?" అని అడిగింది. ఆఫీసంతా గొల్లుమంది. ఆమెకు మాత్రం ఆ రోజే ఆయన మీద విసుగు పోయింది.

తర్వాత ఆమె కాన్పుకు సెలవు పెట్టింది. వెళ్ళేముందు పిల్లల వార్డుకు టోకెన్లిచ్చే చిన్న స్క్రీను పూర్తిచేసింది. తిరిగొచ్చేసరికి ముందేది గారు రిటైరయ్యారు. ఆయన కుర్చీలో ప్రింటరు కూర్చుని ఉంది. టీ మిషన్ దగ్గర అందరూ చకచకా కప్పులు నింపుకుని పోతున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఆమెకు ఆయన మీద చెప్పలేనంత బెంగ పట్టుకుంది.

బెంగకు తోడు భయం. ఇన్నాళ్ళలో ఎన్ని మారాయో, తనకు ఎంత గుర్తుందో తెలియదు. రన్ నొక్కితే తెరంతా ఎర్రటి తప్పులు పరుచుకుంటాయని ఆమెకు గట్టి నమ్మకం. అలా జరిగితే ఉద్యోగం మానేస్తానని పొద్దున్నే ఇంట్లో చెప్పి మరీ వచ్చింది. ఊపిరి బిగబట్టి నొక్కింది.

ఒక్క తప్పూ లేకుండా పిల్లల వార్డు స్క్రీను లేచింది, తను వదిలివెళ్ళినట్టే.

"లేచిందా?" వెనకనుంచి మేనేజరు అడిగాడు. "లేవక చస్తుందా? నువ్వు వెళ్ళాక మేం ఏది మార్చినా, నీది లేస్తోందో లేదో చూసేదాకా ఆయన ఊరుకుంటేగా! 'ఆ అమ్మాయి వచ్చినరోజు ముందు తన పనే తనకు కనబడాలి' అని మా ప్రాణాలు తోడేశారు. రిటైరైన రోజు దండ మెడలో ఉండగానే ఇక్కడికొచ్చి చూసి వెళ్ళారు."

ఆమె అప్పటికప్పుడే ఫోన్ చేసింది. "సార్, నాదే లేచింది" అంది. "మీకు చాలా చెప్పాలి సార్. ముందేది?" అని అడిగింది.

ముందేది గారు జీవితంలో మొదటిసారి క్షణం కూడా ఆలోచించలేదు.

"ముందు పాప సంగతి చెప్పమ్మా."