ఉరి మేస్త్రి, రెండు ఎడమచేతులు

కుట్టు షెడ్డులో పెద్దమేస్త్రి నోరు తెరిస్తే ఒకటే తీర్పు: ఉరి. బొత్తాం ఊడితే ఉరి, దారం చిక్కుపడితే ఉరి, టీ చల్లారితే టీకి ఉరి. అందరూ ఆయన్ని ఉరి మేస్త్రి అనేవారు. అలాగని మాటలకే పెద్దమనిషి కాదు. ఆయన కుట్టిన కోటు వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్ళినవాడు ఉద్యోగం లేకుండా తిరిగి రాలేదని ప్రతీతి. ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళు వీధివీధినా సొంత దుకాణాలు పెట్టుకున్నారు. వాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఉరికంబం దాకా వెళ్ళొచ్చినవాళ్ళే.

తీర్పయ్యాక టేపు మెడలో సర్దుకుని, ఆఖరి కోరికేమిటని గంభీరంగా అడిగేవాడు. కోరిక తీర్చకుండా ఉరి తీయడం అధర్మమని ఆయన సిద్ధాంతం. కాజాలు కుట్టే పిన్ని ఓసారి కిటికీ పక్కన కూర్చోవాలని కోరింది. మర్నాటికల్లా ఆమె మిషను కిటికీ పక్కకు చేరింది. ఉరి మాత్రం మంచి తాడు దొరకలేదని వాయిదా పడింది. ఇస్త్రీ తాతయితే శిక్ష పడ్డ ప్రతిసారీ కొత్త కోరిక తీసేవాడు. "నీ కోరికలు తీరేసరికి నేను పోయేలా ఉన్నాను తాతా" అనేవాడు మేస్త్రి.

ఎటొచ్చీ ఆ తాత అల్లుడితోనే చిక్కు. కటింగు పని అతనిదే. షెడ్డంతటికీ అతను అల్లుడే. మేస్త్రి ఉరి మాటలన్నీ నిజమేననుకుని హడలిపోయేవాడు. కోరికేమిటని ఎన్నిసార్లు అడిగినా "ఏమీ లేదండి" అని తల దించుకునేవాడు.

ఒకరోజు బడిపిల్లల చొక్కాలకు గుడ్డ పరిచి, నమూనా తిరగేశాననే అనుకుని, చేతులన్నీ ఒకే వైపువి కోసేశాడు. కుట్టి చూస్తే ప్రతి చొక్కాకూ రెండూ ఎడమచేతులే. యజమాని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఇవాళే పనిలోంచి తీసేయాలని, మిగతావాళ్ళకు భయముండాలని పట్టుబట్టాడు. అల్లుడు కత్తెర గట్టిగా పట్టుకున్నాడు. ఆ కత్తెర మీదే అతని ఇల్లు నడుస్తోంది.

"ఆగండి, ఉరి నా శాఖ" అన్నాడు మేస్త్రి. "ఏరా అల్లుడూ, ఈసారి నిజం ఉరే. ఆఖరి కోరికేదో చెప్పు."

అల్లుడు ఈసారి నోరు విప్పాడు. "సూదిలో దారం నా అంతట నేను ఎక్కించుకోవాలనుందండి. చాన్నాళ్ళుగా ఇంట్లో మా ఆవిడే ఎక్కిస్తోంది."

తనకైనా చెప్పలేదేమని తాత అడిగితే, చూపు తగ్గిందని తెలిస్తే పని పోతుందనుకున్నానని అల్లుడు గొణిగాడు.

యజమాని కాస్త తగ్గాడు గానీ బింకం వదల్లేదు. "అయితే తప్పు చేసినవాడికి శిక్ష వద్దంటారా?"

"శిక్ష దేనికండి?" అన్నాడు మేస్త్రి. "బదులు తీర్చుకోడానికా? చేతికి చేయి అని మొదలుపెడితే చివరికి అందరికీ ఎడమచేతులే మిగుల్తాయి. బాగుచెయ్యడానికా? ఉరి తీశాక బాగుపడ్డవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. భయానికంటారా, ఆ భయంతోనేగా చూపు సంగతి దాచాడు."

"పొద్దస్తమానం ఉరి ఉరి అనే మీరా ఈ మాట చెప్పేది?"

"ఊరికే అడిగితే ఏం కావాలో ఎవరూ చెప్పరండి. ఉరి పడ్డవాడికి మొహమాటం ఉండదు."

యజమాని చొక్కాల కుప్ప వైపు చూశాడు. "మరి వీటి సంగతి?"

"అదే బడికి ఇంకో విడత ఇవ్వాలిగా, ఎక్కువైన చేతులు విప్పి వాటికి దాస్తాం. ఎడమచేతులు ముందొచ్చాయి, కుడిచేతులు కాస్త ఆలస్యమయ్యాయి. అంతేగా."

యజమాని కోప్పడదామని నోరు తెరిచి నవ్వేశాడు. అల్లుణ్ణి తన బండిమీదే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

కొత్త కళ్ళజోడుతో పనిలోకి వచ్చినరోజు అల్లుడు బల్ల దగ్గరికి పోకుండా మేస్త్రి ముందు నిలబడిపోయాడు. ఏం చూస్తున్నావురా, ఉరి తీయిస్తానని మేస్త్రి గద్దించాడు. మొదటిసారి అల్లుడు తల దించుకోలేదు.

"ఇన్నాళ్ళూ ఉరి అంటున్నప్పుడల్లా మీరు నవ్వుతున్నారా మేస్త్రిగారూ?"

మేస్త్రి గబుక్కున మీసాలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "డాక్టరు చూపు మరీ ఎక్కువిచ్చినట్టున్నాడు. పో, పోయి కుడిచేతులు కొయ్యి."