బెంచీల కాపురం

మీరు మైకుని కలిసి తీరాలి. వీలు చూసుకుని కాదు, వీలు చేసుకుని మరీ కలవండి. పెద్ద రోడ్డు మీద నాలుగంతస్తుల ప్రభుత్వ బడి ఉంటుంది. గేటు దగ్గర నిలబడి "మైకు ఎక్కడ?" అంటే ఎవరో ఒకరు నవ్వుతూ వేలు చూపిస్తారు. వేలు లేచేలోపే గొంతు వినిపించేస్తుందనుకోండి! పదో తరగతి పిల్ల. మనిషిని చూస్తే గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది కానీ, ప్రార్థనలో మైకు పాడైన రోజు ఆమె గొంతే చివరి వరస దాకా వెళ్తుంది. అందుకే ఆ పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

ఈ మైకు ఒక పత్రికకి సంపాదకురాలు. నవ్వకండి, నిజంగానే. మెట్ల పక్క గోడకి అంటించే పెద్ద కాగితం అది. వార్తలు మైకు తెస్తుంది, దాని స్నేహితురాలు రాస్తుంది. ఆ స్నేహితురాలి అక్షరాలు ఎంత గుండ్రంగా ఉంటాయంటే బడంతా ఆ పిల్లని ముత్యం అంటారు. కాగితం గోడెక్కగానే ఎవరో ఫోటో తీస్తారు, సాయంత్రానికి అది తల్లిదండ్రుల ఫోన్లన్నీ తిరిగొస్తుంది. కింద అంతస్తు కుళాయిలో నీళ్లు రావట్లేదని ఒకసారి రాస్తే, ఆ వారంలోనే ప్లంబరొచ్చాడు. అప్పట్నుంచి వీళ్ల కాళ్లు నేల మీద నిలవలేదు.

వీళ్లకో నియమం ఉంది. దాని వెనక ఓ కథ కూడా ఉంది. మొదటి కాగితంలో వాచ్‌మన్ తాత మాటల్ని ముత్యం శుభ్రం చేసి రాసింది: "ఈ పరిస్థితి పట్ల నేను తీవ్ర మనస్తాపానికి గురయ్యాను." ఎవరో తాతకి చదివి వినిపించారు. ఆయన కర్ర పుచ్చుకుని మెట్ల దగ్గరికొచ్చాడు.

"ఎవతే ఇది రాసింది? నేనెప్పుడన్నానే ఈ మాట?"

"అంటే తాతా, నువ్వన్నదాన్నే కొంచెం బాగుచేసి..."

"నా మాటకి ఏం రోగమొచ్చిందని బాగుచేశావు? నాకేదో జబ్బు చేసిందనుకుని మా వీధిలోవాళ్లు పరామర్శకొస్తున్నారు!"

ఆ రోజు మైకు ఖరారు చేసింది: ఎవరి మాట వాళ్ల నోట్లోంచి ఎలా ఊడిపడితే అలాగే గోడెక్కాలి, అక్షరం మార్చకూడదు. మంచి నియమమే. చివరికి కొంప ముంచింది కూడా అదే.

ఇప్పుడు అసలు వార్తకొస్తాను. బడిలో గదులు చాల్లేదు. పెద్ద హాల్లో రెండు తరగతులు, మధ్యలో గోడ బదులు ఓ ఇనుప బీరువా. ఇటు లెక్కలు, అటు సాంఘికం. మైకు కూర్చునేది సరిగ్గా బీరువా పక్కన. కుడి చెవిలో త్రిభుజాలు, ఎడమ చెవిలో యుద్ధాలు. పరీక్షలో ఒకడు రాజ్యాన్ని రెండు సమాన కోణాలుగా విభజించాడట! అందరూ పడీపడీ నవ్వారు. మైకు కూడా నవ్వింది. ఇంటికెళ్లి పుస్తకం తెరిస్తే, ఆ రోజు చెప్పిన పాఠంలో తన తలకెక్కింది సగమేనని తెలిసి నవ్వాపేసింది. ఎదురుగా పబ్లిక్ పరీక్షలున్నాయి మరి.

పై అంతస్తులో మాత్రం మూడు గదులకి తాళాలు. ఎందుకని అడిగితే ఏ టీచరూ నోరు విప్పలేదు. నోరు విప్పింది తాళాలత్త.

తాళాలత్త అంటే బడి ఆయా. తాళాల గుత్తి ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తేనే ఉన్నట్టు. ఆమె మాట తీరే వేరు. బడిలో ప్రాణం లేని ప్రతి వస్తువుకీ ఆమె దగ్గర ఓ సంసారం ఉంటుంది. గంట మామగారు, అరవడం తప్ప పని చెయ్యడు. నీళ్ల మోటారు అలిగిన కొత్త కోడలు. మైకు అడిగేసరికి చీపురు గోడకానించి గలగలా చెప్పేసింది:

"పైన మూడు గదుల్లో విరిగిన బెంచీలు కాపురముంటున్నాయే తల్లీ. అద్దె లేదు, అడిగేవాడు లేడు, కావలసినంత గాలి. పిల్లలేమో కింద బీరువాకి అటొకరూ ఇటొకరూ, విడాకులకి కోర్టుకెక్కినట్టు!"

చెప్పాక నాలిక్కరుచుకుంది. "నా పేరు రాయకేం. ఇక్కణ్ణుంచి పీకేస్తే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

"నీ పేరెందుకు రాస్తానత్తా? ప్రాణం పోయినా రాయను," అంది మైకు.

నిజంగానే రాయలేదు. "బడిలో పనిచేసే ఒకరు" అని రాయించింది. కింద ఆ మాటలు, నియమం ప్రకారం, అక్షరం పొల్లుపోకుండా.

పేరెందుకండీ ఇంక? మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి ఆరో తరగతి పిల్లలు కూడా "తాళాలత్త భలే చెప్పింది" అనుకుంటూ మెట్లు దిగుతున్నారు. మనిషిని దాచి గొంతుని గోడకెక్కించామని మైకుకి అప్పుడు తట్టింది.

మర్నాడు బడి పెద్ద మేడం ఇద్దర్నీ పిలిచారు. చెడ్డ మనిషి కాదావిడ, అది ముందే చెప్పాలి. ఆ బెంచీలు ప్రభుత్వ ఆస్తి. పనికిరావని పైఆఫీసు ఒప్పుకుంటే తప్ప బయట పారేయడానికి వీల్లేదు. ఆవిడ అడుగుతూనే ఉన్నారు, పైఆఫీసు చూస్తాం అంటూనే ఉంది. ఫోన్లలో తిరిగిన ఫోటో ఇప్పుడు ఆ ఆఫీసుకే చేరింది.

"వాళ్లకి గదుల గొడవ పట్టలేదమ్మా," అన్నారు మేడం కళ్లజోడు తీసి పక్కన పెడుతూ. "లోపలి సంగతులు బయటికి చెప్పిన మనిషెవరు, ఆ మనిషిని ఇంకా ఎందుకు ఉంచారు అంటున్నారు. సోమవారం ఆఫీసరు వస్తున్నాడు."

ముత్యమే అడిగింది: "ఇప్పుడేం చెయ్యాలి మేడం?"

"ఓ చిన్న కాగితం రాసి అంటించండి. ఆ మాటలు ఎవరూ అనలేదు, సరదాకి మేమే కల్పించాం అని. నేను ఆయనకి అదే చూపిస్తాను. ఆవిడ ఉద్యోగం ఆవిడకుంటుంది. పిల్లలే కదా అని మిమ్మల్నీ వదిలేస్తారు."

బయటికి రాగానే ముత్యం "రాసేద్దామే" అంది. "ఒక్క ముక్క. అత్త బతికిపోతుంది."

"రాస్తే గదుల సంగతి కూడా కల్పనే అయిపోతుంది కదే! రేపు మనం ఏం రాసినా, సరదాకి రాశారులే అంటారు. బీరువా అక్కడే ఉంటుంది, మనమూ అక్కడే ఉంటాం."

"మరి అత్త?"

తిన్నగా తాళాలత్త దగ్గరికే వెళ్లారు. ఆమె వరండాలో బకెట్టు కడుగుతోంది, తలెత్తలేదు.

"రాసెయ్యవే, కల్పించామని. నువ్వేమన్నా హరిశ్చంద్రుడి మనవరాలివా? ఒక్క అబద్ధానికి నోరు పడిపోదులే."

"అత్తా, గదులు..."

"గదులు, గదులు! ఆ గదుల్లో నేను కూర్చుని చదువుకోవాలా ఏంటి? ప్రాణం పోయినా రాయనన్నావు. నీ ప్రాణం బానే ఉంది, నాదే పోయేట్టుంది."

ఆ సాయంత్రం మైకు ఇంట్లో కంచం ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. అమ్మకి అనుమానమొచ్చింది. ఆమె బడికి ఎదురు మేడ మీదున్న చొక్కాల వర్క్‌షాపులో కాలర్లు కుడుతుంది. రోజంతా మిషన్ల మోత మధ్య ఉండే మనిషికి ఇంట్లో ఈ నిశ్శబ్దం మింగుడు పడలేదు. గుచ్చిగుచ్చి అడిగితే మైకు కథంతా చెప్పింది.

"బెంచీలా? పై గదుల్లోవేనా?" అంది అమ్మ. "రోజూ చూస్తూనే ఉంటాను కదే. నా మిషను ముందున్న కిటికీలోంచి చూస్తే ఎదురుగా అవే. కాళ్లు పైకెత్తుకుని పడున్నాయి. పావురాలు పిల్లల్ని కూడా పెట్టాయి."

మైకు కంచం పక్కకి నెట్టింది. "మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? ఊళ్లో అందర్నీ అడుగుతావు. వాచ్‌మన్ని, ఆయాని, ప్లంబర్ని. అమ్మని ఏం అడుగుతావు, అన్నం పెట్టమని తప్ప!"

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తాళాలత్త నోరు విప్పాల్సిన అవసరమే లేదు. మైకు ఓసారి రోడ్డు దాటి మేడెక్కి ఉంటే సరిపోయేది.

మర్నాడు పొద్దున్నే అమ్మ వెంట వర్క్‌షాపుకి వెళ్లింది. కటింగ్ మాస్టర్ మొదట గసిరాడు. "ఇది చొక్కాలు కుట్టే చోటా, సినిమా తీసే చోటా?" సంగతి విన్నాక తనే కిటికీ రెక్క తీసి పట్టుకున్నాడు. ఆయన కొడుకూ ఆ హాల్లోనే చదువుతున్నాడు మరి. ఫోటోలు స్పష్టంగా వచ్చాయి: గుట్టలుగా బెంచీలు, వాటి మీద పావురాలు, వెనకాల చెక్కుచెదరని నల్లబల్ల.

సోమవారం పాత కాగితం చింపి కొత్తది అంటించారు. పైన ఫోటోలు, కింద ముత్యం అక్షరాల్లో ఇలా ఉంది:

"ఇవి మేం మా కళ్లతో చూసినవి. పోయినసారి ఒకరి మాట రాశాం. ఆ మాట లేకుండానే ఈ వార్త నిజం, అందుకే దాన్ని తీసేశాం. అన్నది ఎవరో చెప్పం. కల్పించామని కూడా చెప్పం. తప్పు మాట్లాడినవాళ్లది కాదు, రాసిన మాది."

మేడం రెండుసార్లు చదివారు. "ఇది నేనడిగింది కాదు."

"తెలుసు మేడం."

ఆవిడ దాన్ని చింపలేదు. ఆఫీసరు వచ్చాడు, మెట్ల దగ్గర ఆగి చదివాడు, పైకెక్కి చూశాడు. బెంచీలకి ఇన్నాళ్లూ దొరకని అనుమతి ఆ నెల తిరక్కుండానే దొరికింది. బీరువా అవతలి తరగతి పైకి వెళ్లిపోయింది. మైకు ఎడమ చెవికి విశ్రాంతి దొరికింది.

తాళాలత్త ఉద్యోగం పోలేదు. కానీ ఈ బళ్లోనూ మిగల్లేదు. ఆ మాట ఎవరిదో బడంతా తెలిసిన సంగతే కదా, పైఆఫీసు ఆమెని నగరం చివర్న ఉన్న బడికి మార్చింది, బస్సు దిగి మళ్లీ బస్సెక్కాలి. వెళ్లేరోజు తాళాల గుత్తి విప్పి మేడం బల్ల మీద పెట్టింది. గేటు దగ్గర మైకు ఆమె సంచీ అందుకోబోతే ఇవ్వలేదు.

"ఒక్క అబద్ధం ఆడుంటే నేనిక్కడే ఉండేదాన్ని కదే."

"అత్తా, నేను..."

"నువ్వు మంచిదానివేలే. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కంతా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పై గదుల్లో గాలి బాగా వస్తుందా?"

"వస్తుందత్తా."

"నేను చెప్పలేదూ?" అని, సంచీ భుజానికెత్తుకుని బస్టాపు వైపు నడిచింది.

వాళ్ల నియమానికి ఇప్పుడో తోక చేరింది. ఎవరి మాటైనా గోడెక్కేముందు, సంగతి తెలియని ఒకరికి చదివి వినిపిస్తారు. "ఇది ఎవరన్నారో చెప్పు" అంటారు. చెప్పేస్తే, ఆ మాట అన్న మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి, రాయొచ్చా అని అడుగుతారు. సెలవు దొరికితే మైకు రెండు బస్సులు మారి నగరం చివరికి కూడా వెళ్తుంది. తాళాలత్త కబుర్లు చెబుతుందట, అక్కడి కుళాయి గురించీ గంట గురించీ. కానీ మైకు సంచీలోంచి పెన్ను తీస్తే చాలు, నోటికి తాళం వేసేస్తుందట.

ముత్యం మాత్రం ఇప్పటికీ అంటుంది, ఆ ఒక్క ముక్క రాసెయ్యాల్సిందని. మీరైతే ఏం చేసేవారు?