చెరిపెయ్యమన్న మాటలు

లిఫ్టు మెకానిక్ భార్యది రైల్వేస్టేషన్‌లో మైకు ముందు ఉద్యోగం. ఏ బండి ఎప్పుడొస్తుందో ఊరందరికీ చెప్పే గొంతులో గడ్డ లేచింది. కోసి తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తరవాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేరాలి.

ఆమె మాటను దాచుకుందామని మెకానిక్ పొద్దున్నే డిస్కుల కొట్టుకు పరిగెత్తాడు. ఇంట్లో కెమెరా ఉంది, డిస్కు రికార్డరూ ఉంది.

"ఒకసారి ఎక్కిస్తే చెరగనిది కావాలా, చెరిపి మళ్లీ ఎక్కించుకునేదా?" అన్నాడు కొట్టతను.

భార్య ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. జుట్టు బాగాలేదనో, మొహం వాడిందనో మళ్లీ తియ్యమంటుంది. "చెరిపేదే ఇవ్వు."

"అందులో ప్లస్సా, మైనస్సా? మీ రికార్డరుకు ఏ రకం పడుతుంది?"

"ఏదో ఒకటి ఇవ్వు బాబూ!"

ఆ తొందరే కొంప ముంచింది. రికార్డరు డిస్కును లోపలికి లాక్కుని, కాసేపు గరగరలాడి, బయటికి నెట్టేసింది. మళ్లీ పెడితే మళ్లీ నెట్టింది. తీరా చూస్తే రికార్డరు మీదున్నది ప్లస్ గుర్తు ఒక్కటే, తెచ్చిన డిస్కేమో మైనస్. మళ్లీ కొట్టుకు పోతే ప్లస్‌వి అయిపోయాయి. బజారంతా గాలించి, ఎక్కడో మూలనున్న కొట్లో ఒకటి పట్టుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భార్య సంచి సర్దుకుని కూర్చుంది.

"ఇప్పుడేం షూటింగండీ? టాక్సీ వచ్చేస్తుంది."

"రెండు మాటలు చెప్పు, చాలు."

కెమెరా వెలగగానే ఆమె బిగుసుకుపోయింది. "అందరూ దయచేసి ధైర్యంగా ఉండగలరు," అంది, అచ్చం స్టేషన్‌లో లాగే. చెరిపాడు. రెండోసారి సగంలోనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "చెరిపెయ్యండి," అంది. చెరిపాడు. మూడోసారి మీట నొక్కి వెనక్కి జరగబోతే, కెమెరా వైరు కాలికి తగిలి తూలాడు, బల్ల మీది టీ గ్లాసు కాస్తా ఆమె సంచిలో బోర్లా పడింది.

"కళ్లు నెత్తికెక్కాయా? ఇంట్లో కూడా లిఫ్టులో తిరిగినట్టే తిరుగుతారా? ఉతికిన బట్టలన్నీ నాశనం! నేను లేకపోతే ఈ ఇంట్లో గ్లాసొక్కటైనా మిగులుతుందా?" ఊపిరి తిప్పుకోకుండా దులిపేసి, అప్పుడు చూసింది ఎర్ర లైటు. "అయ్యో, ఇదంతా ఎక్కిందా? చెరిపెయ్యండి!"

"చెరపను."

"చెరపమంటున్నానా!"

బయట టాక్సీ హారన్ మోగింది. అతను రికార్డింగు ఆపాడు. ఎక్కించింది భద్రపరచడానికి రికార్డరు ఇంకాస్త సేపు గరగరలాడింది. ఇందాకటిలాగే బయటికి నెట్టేస్తుందేమోనని అతను దాని ముందే నిలబడ్డాడు. టాక్సీ మళ్లీ అరిచింది. చివరికి తెర మీద ఆమె బొమ్మ కనిపించాక గానీ అతని కాళ్లు కదల్లేదు.

ఆపరేషన్ గండం గడిచింది. నెలల తరవాత మాటొచ్చింది గానీ, పక్కన కూర్చుంటే తప్ప వినపడని బొంగురుమాట. మైకు ముందుకు వేరే అమ్మాయి వచ్చింది, ఈమెను టికెట్ల లెక్కలు చూసే గదికి మార్చారు. డిస్కు సంగతి ఎత్తడానికి మెకానిక్‌కి ధైర్యం చాల్లేదు. ఒక ఆదివారం ఆ డిస్కు పెట్టమని ఆమే అడిగింది.

అది ఆడుతున్నంతసేపూ అతను తెర వంక చూడలేదు, ఆమె మొహం వంకే చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"ఇంత గట్టిగా అరిచేదాన్నా?" అంది గుసగుసగా.

"పక్కింటివాళ్లనడుగు," అన్నాడతను. చేతికందిన దిండు అతని మీదికి వచ్చి పడింది.