ముందు సార్ గొంతు వినాలి

“టెర్రరిస్టుల దోస్తు పోయిండట, మిఠాయి పంచుదామా?” అని నిన్న అందరి ముందు అన్నావు కదన్నా. నేను నీ కాలర్ పట్టుకున్నాను. నువ్వు నా చెంప పగలగొట్టావు. చూస్తున్నవాళ్లు విడదీశారు, నా జవాబు నోట్లోనే ఉండిపోయింది. అది ఇక్కడ ఫేస్‌బుక్‌లో రాస్తున్నాను. నువ్వొక్కడివే కాదు, అందరూ చదవాలి.

పోయినాయన మా సార్. బళ్లో చెప్పిన సార్ కాదు, నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ని. ఆయన హైదరాబాద్‌లో యూనివర్సిటీ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక వికారాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. మనుషులు టెర్రరిస్టు గుంపుల్లోకి ఎట్లా పోతారు, ఎట్లా బయటికొస్తారు, వాళ్లను ఆపడానికి సర్కారు చేసేవాటిలో ఏది పనికొస్తుంది, ఏది ఇంకా చెడగొడుతుంది, ఇదే ఆయన పరిశోధన. తాండూరులో రైలు దిగితే నా ఆటోనే ఎక్కేవారు. పెద్దేముల్ అయినా, యాలాల్ అయినా, ఏ మూల ఊరైనా నేనే తీసుకుపోయేవాణ్ని.

ఆయనకు నా అనేవాళ్లు లేరు, సోమవారం పొద్దున ఇంటి ఓనర్ నాకే ఫోన్ చేశాడు. “మీ సార్ గుండె ఆగిపోయింది. గది ఎప్పుడు ఖాళీ చేస్తవ్?” రెండు మాటలూ ఒక్క ఊపిరిలోనే. నేను పోయేసరికి సార్ వరండాలో చాప మీద ఉన్నారు. లోపల ఫినాయిల్ పోసి కడుగుతున్నారు. పుస్తకాలు పాత సామాన్ల బండి ఎక్కేశాయి. చిన్న రికార్డర్ ఒక్కటి నా చేతికి దొరికింది.

“గదేంది? బాంబు గిట్ల కాదు గద?” అని నవ్వాడు ఓనర్.

పాడె మోయడానికి మనుషులు చాలక అక్కడి స్టాండ్ నుంచి ఆటోవాళ్లను పిలుచుకొచ్చాను. భుజం మీద కర్ర పెట్టుకుని నడుస్తూనే ఒకడు అడిగాడు: “అన్నా, గీయన మీద కేసు లేదు గద? ఫొటోల పడితే పరేషాన్ అయితది.”

సార్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరి ఇంటికి పోయినా, వాళ్లనడిగి రికార్డర్ పెట్టాక, చేతి వాచీ విప్పి జేబులో వేసుకునేవారు. ఎదుటి మనిషి చెబుతుంటే కన్ను టైం మీదికి పోకూడదని. షుగర్ ఉన్నా వాళ్లిచ్చిన చాయ్ తాగేవారు. ఏ దాడి గురించైనా మొదట చచ్చిపోయినవాళ్ల ఇంటికే. ఆ తర్వాతే జైలుకు పోయొచ్చినవాళ్ల ఇంటికి. ఈ వరుస ఎప్పుడూ తప్పలేదు.

మెత్తని మనిషి అనుకోకండి. ఒక తల్లి గుండెలు బాదుకుంటుంటే, ఆమె తేరుకునేదాకా చూసి, “మళ్ల మొదటి నుంచి చెప్పమ్మా” అన్నారు. బయటికొచ్చాక నేను తిట్టాను.

“నీకు జాలి లేదా సార్?”

“ఓదార్చనీకె మస్తుమంది వచ్చి పోయిండ్రు పిలగా. ఆమె చెప్పింది నిలబడి ఇన్నోడు ఒక్కడు లేడు.” ఆటో ఎక్కుతూ, “చదువు తొమ్మిదికి ఆపినవ్ గని కోపంల మాత్రం పీహెచ్‌డీ చేసినవ్ రా” అన్నారు.

జైలు నుంచి వచ్చిన ఒక కుర్రాడి ఇంటికి పోయినప్పుడు నేను లోపలికి రానన్నాను. “‘ఎందుకు చేసినవ్’ అని అడిగితే మనిషి తనకు తనే వకీలైతడు. ‘ఎట్ల మొదలైంది’ అని అడుగుదాం, రా” అని రెక్క పట్టి లాక్కుపోయారు.

ఆ కుర్రాడు తల ఎత్తకుండా చెప్పాడు: “మొదట్ల ఒక్క పెద్ద మాట చెప్పలే సార్. క్రికెట్‌కు పిలిచిండ్రు. మా అమ్మను దవాఖానకు తోల్కపోయిండ్రు. నా పేరు పెట్టి పిలిచిండ్రు.”

తిరిగొచ్చేటప్పుడు సార్ అడిగారు: “నిన్ను గట్ల ఎవడన్న పిలిస్తే?”

నేను హారన్ కొట్టాను. అప్పుడు నాకు పనీ లేదు, దోస్తులూ లేరు, ఆటో కూడా ఒకరిది. ఎవడు పిలిచినా పోయేవాణ్ని. ముందు పిలిచింది సార్ కాబట్టి ఆయన కోసం ఆటో తోలాను.

“అర్థం చేసుకునుడు వేరు, మాఫ్ చేసుడు వేరు. గీ తేడా తెల్వకుంటే రేపు ఇంకోడు పోతడు.” ఇది ఆయన వందసార్లు అని ఉంటారు.

అన్నా, ఇప్పుడు నీ సంగతి. సార్ రాతల్లో ఎవరి పేరూ నిజం కాదు, ఊరూ నిజం కాదు. నమ్మి చెప్పిన మనిషిని ఎవరూ గుర్తుపట్టకూడదు. నేనూ నీ పేరు రాయలేదు. గొడవ ఎక్కడ, ఎవరి ముందు జరిగిందో చెప్పలేదు. నీ తమ్ముడు అని రాస్తున్నాను, తమ్ముడే కాకపోవచ్చు.

సిటీలో బాంబు పేలి అతను పోయాక సార్ నీ దగ్గరికి వచ్చారు. మూడుసార్లు వెళ్లగొట్టావు. నాలుగోసారి కూర్చోబెట్టి, నీ ఫోన్‌లో మిగిలిన అతని ఆఖరి వాయిస్ మెసేజ్ రికార్డర్ పక్కన పెట్టి వినిపించావు. “లేటైతది అన్నా, నా అన్నం మూత పెట్టుమను.” తర్వాత ఆ ఫోన్ రిపేర్‌కు ఇచ్చావు, అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. నిన్న నన్ను కొట్టాక, అందరూ పోయాక, గేటు దగ్గర మెల్లగా అడిగావే, “గా మిషన్ ఏడున్నది?” అని. అప్పుడు అర్థమైంది నీ కోపం ఎక్కడిదో. సార్‌తో పాటు నీ తమ్ముడి గొంతు కూడా కాలిపోయిందనుకున్నావు.

అది నా జేబులోనే ఉంది, నిన్న కూడా. అందరి ముందు బటన్ నొక్కి, అందులో ఉన్న నీ ఏడుపు వినిపిద్దామని చెయ్యి పోయింది కూడా. “నీ మాట నీదే” అని సార్ నీకు మాటిచ్చారు, అందుకే ఆగాను.

ఈ రోజే తెచ్చిస్తాను. కానీ నీ తమ్ముడి ముక్క ఒక్కటే కోసి ఇవ్వమంటే ఇవ్వను. మొదట వాచీ విప్పిన చప్పుడు వస్తుంది. తర్వాత సార్ గొంతు సవరించుకుంటారు. “ఆ రోజు ఎట్ల మొదలైంది బాబూ?” అని అడుగుతారు. అదంతా అయ్యాకే నీ తమ్ముడు అన్నం మూత పెట్టమంటాడు. తమ్ముడు యాదికొచ్చి బటన్ నొక్కినప్పుడల్లా ముందు ఆ టెర్రరిస్టుల దోస్తే నిన్ను పలకరిస్తాడు.

ఆటో నిండింది, వెనక పెద్దమ్మ తిడుతోంది. నేను పోవాలె.